ఆగగలిగినవాడిదే ధర

2025 ఏప్రిల్ 2 సాయంత్రం నాలుగు దాటాక, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఒక పెద్ద అట్ట పట్టుకుని ఏ దేశం సరుకు మీద ఎంత సుంకం వేయబోతున్నదీ ప్రకటించారు. మనకు అప్పటికి ఏప్రిల్ 3, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఆ వేళకు భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద మనుషులు మేలుకునే ఉంటారు. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే పంట తేలిపోవచ్చు. అందుకని గట్టు మీద మంచం వేసుకుని ఒక చెవి నీటి చప్పుడు మీద పెట్టి పడుకుంటారు. ఆ రాత్రి ఆ అట్ట మీద భారత్‌కు ఎదురుగా ఉన్న అంకె 26 శాతం.

తెల్లవారాక కొనుగోలు ఏజెంట్ల ఫోన్లు మోగాయి. వంద కౌంట్ రొయ్య (కిలోకు వంద తూగేది) ధర కిలోకు పదుల రూపాయల్లో దిగిపోయింది. తర్వాత ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు, ఎగుమతిదారులతో ప్రభుత్వం చర్చలు జరిపింది, అదంతా పత్రికల్లో వచ్చింది. నన్ను అప్పటి నుంచీ వదలని సంగతి వేరే ఉంది. ఆ 26 శాతం సుంకం అమల్లోకి రావలసింది ఏప్రిల్ 9న. ఆ రోజే దాన్ని 90 రోజులు వాయిదా వేసి, పది శాతంతో సరిపెట్టారు. అంటే ఉండిలో ధర పడిన నాటికి ఒక్క కంటెయినర్ మీద కూడా ఆ సుంకం పడలేదు. అది ఆ రూపంలో ఇక పడనూ లేదు. అయినా రైతు మాత్రం కట్టేశాడు.

దీన్ని వట్టి మోసం అని తేల్చేస్తే అసలు విషయం అర్థం కాదు. ఈ రోజు చెరువులో పట్టిన రొయ్య ప్లాంటుకు వెళ్లి, తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది, విశాఖ వంటి రేవులో ఓడ ఎక్కి, అమెరికా తూర్పు తీరం చేరేసరికి సుమారు రెండు నెలలు. ప్లాంటు కొంటున్నది రెండు నెలల తర్వాతి ధరను. ఆ రెండు నెలల్లో ఏం జరుగుతుందో తెలియనప్పుడు ఎవరైనా జాగ్రత్త పడతారు. జాగ్రత్త పడటంలో తప్పు లేదు. ఆ జాగ్రత్త ఖరీదు మొత్తం గట్టు మీదివాడి లెక్కలోకే ఎందుకు జారింది అన్నది అడగాల్సిన ప్రశ్న. ప్రపంచ సరఫరా గొలుసుల గురించి, వర్ధమాన దేశాలతో వ్యాపార భాగస్వామ్యాల గురించి రాసే పెద్ద పెద్ద మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి.

దిగుమతితో మొదలయ్యే ఎగుమతి

రొయ్యను మనం ఎగుమతి సరుకు అంటాం. కానీ దాని ప్రయాణం దిగుమతితో మొదలవుతుంది. మన చెరువుల్లో పెరిగే వనామీ రకం మన సముద్రపు రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. వ్యాధులు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై వస్తాయి. అక్కడ నీలాంకరైలో ఉన్న ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో కొన్ని రోజులు ఉంచి, మళ్లీ పరీక్షించి, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకు ఇస్తారు. కాకినాడ, విశాఖ, బాపట్ల, నెల్లూరు తీరాల్లోని హేచరీల్లో అవి గుడ్లు పెడతాయి. చెరువులో పెరిగిన రొయ్యను తల్లిగా వాడటానికి నిబంధనలు ఒప్పుకోవు. అనుమతి ఉన్న కొద్ది మూలాల నుంచే ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోవాలి.

గుడ్డు నుంచి బయటపడిన పిల్లకు కొద్ది రోజుల్లోనే ఆర్టీమియా అనే అతి చిన్న ఉప్పునీటి జీవి మేతగా కావాలి. దాని ఎండు గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీటిలో వేస్తే ఒక రోజులో పొదుగుతాయి. వాటికి ప్రపంచంలో పేరున్న చోటు అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్. పుట్టింది ఉప్పాడ దగ్గరే అయినా, రొయ్య పిల్ల తినే తొలి ముద్దల్లో ఒకటి యూటా ఉప్పు సరస్సుది కావచ్చు. ఆ తర్వాత మేత. అందులో సోయా పిండి, చేపల పొడి, గోధుమ పిండి ప్రధానం. మేత తయారీలో పెద్ద పేర్లు రెండింటి వెనుక థాయిలాండ్ ఉంది. సీపీ అక్కడి సంస్థే, మన అవంతి ఫీడ్స్‌లో దాదాపు పావు వాటా థాయ్ యూనియన్ అనే అక్కడి కంపెనీది. 2021లో సోయా పిండి ధర విపరీతంగా పెరిగినప్పుడు కేంద్రం 12 లక్షల టన్నులు దిగుమతి చేసుకోవడానికి అనుమతించింది. అది ముఖ్యంగా కోళ్ల పరిశ్రమ కోసమే అయినా, రొయ్య మేత ధర కూడా అదే సోయా చుట్టూ తిరుగుతుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే.

కాబట్టి గట్టు మీది రైతు డాలర్ చూడకముందే డాలర్‌తో ముడిపడ్డాడు. గొలుసు అతనితో మొదలవుతుందని అనుకోవడం పొరపాటు. అతను దాని మధ్యలో ఉన్నాడు, రెండు వైపులా తాడు వేరేవాళ్ల చేతుల్లో ఉంది.

ఇంకొకరి చెరువు ఎండితే

ఈ స్థితికి ఎలా వచ్చామో క్లుప్తంగా చెప్పుకోవాలి. తొంభైల మొదట్లో మన తీరంలో టైగర్ రొయ్య డబ్బు కురిపించింది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర పరిరక్షణ ప్రాంతంలో రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో చట్టం, తీరంలో ఈ సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చాయి. 2009లో వనామీకి అనుమతి దొరికింది. అక్కడిదాకా అది ఒక మంచి అవకాశం మాత్రమే.

దాన్ని వరదగా మార్చింది థాయిలాండ్ దురదృష్టం. అప్పటిదాకా అమెరికాకు ఎక్కువ రొయ్య పంపేది వాళ్లే. 2012లో పిల్ల దశలోనే రొయ్యను చంపే వ్యాధి ఒకటి అక్కడి చెరువుల్లోకి వచ్చింది. చైనా, వియత్నాంలను అప్పటికే కుదిపిన వ్యాధి అది. దానికి మూలం ఒక బ్యాక్టీరియా అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం తేల్చేనాటికి థాయ్ ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. అమెరికా కొనుగోలుదారులు కొత్త గుమ్మం వెతుక్కుంటూ మన వైపు వచ్చారు. ధరలు ఎగిశాయి. గోదావరి డెల్టాలో వరి పొలాలు చెరువులయ్యాయి, కౌళ్లు పెరిగాయి, పక్క పొలానికి ఉప్పునీరు ఎక్కిందని తగాదాలు మొదలయ్యాయి. పెళ్లిళ్ల హంగు కూడా మారింది.

మన రైతు కష్టం, తెలివి ఆ విజయంలో లేవని అనను. ఉన్నాయి. రాత్రుళ్లు నిద్ర మానుకుని నేర్చుకున్న విద్య అది. కానీ కొనుగోలుదారు మన గుమ్మంలోకి వచ్చిన కారణాన్ని మనం సరిగా చదువుకోలేదని నా అభిప్రాయం. థాయ్ రైతు మీద కోపంతో అతను అక్కడి నుంచి కదలలేదు, మన మీద ప్రేమతో ఇక్కడికి రానూ లేదు. అతని దగ్గర నాలుగు దేశాల ధరల పట్టిక ఉంది. అందులో ఒక గడి ఖాళీ అయితే పక్క గడి చూశాడు. ఆ పట్టిక అతని దగ్గర ఇప్పటికీ ఉంది.

2024-25లో మన దేశం సుమారు 17 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. అందులో శీతలీకరించిన రొయ్య వాటా 43 వేల కోట్లకు పైనే. ఒక్క అమెరికాకు వెళ్లిన రొయ్యే మూడు లక్షల టన్నులు దాటింది. మన దేశపు సాగు రొయ్యలో మూడింట రెండు వంతులకు మించి ఆంధ్రప్రదేశ్‌దే. ఒకే పంట, ఒకే రాష్ట్రం, ఒకే పెద్ద ఖాతాదారు. లాభం ఉన్న రోజుల్లో దీన్ని బలం అనుకున్నాం.

ఎవరు ఎంతసేపు ఆగగలరు

కౌంట్ గురించి తెలియనివారికి ఒక మాట. కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. రొయ్య పెరిగేకొద్దీ కౌంట్ అంకె తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పది గ్రాముల రొయ్యను ఇంకో నెలన్నర, రెండు నెలలు పెంచితే ఎక్కువ డబ్బు. కానీ ఆ అదనపు రోజుల్లో ప్రతి పూటా మేత వేయాలి, ప్రతి రాత్రీ ఏరేటర్ తిరగాలి, వ్యాధి రాకూడదు. ధర బాగా లేదు, ఓ నెల ఆగుదాం అని రొయ్య రైతు అనుకోలేడు. ధాన్యమైతే గోదాములో పెట్టవచ్చు. మిర్చి అయితే గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు మీద అప్పు తెచ్చుకోవచ్చు. ప్రాణమున్న పంటను చెరువులో దాచుకోవడమంటే రోజూ దానికి అద్దె కట్టడమే.

పైగా మేత అరువు మీద వస్తుంది. మేత డీలరుకు పంట పట్టగానే బాకీ తీర్చాలి. చాలాచోట్ల మేత ఇచ్చిన చేతికే, లేదా ఆ చెయ్యి చూపించిన చేతికే, రొయ్య అమ్మాలి. నీళ్లలో రోజూ నాలుగు రొయ్యలు చచ్చి కనిపించడం మొదలైతే ఇక బేరం అనే మాటే లేదు, ఆ రాత్రికే వల వేయాలి. ఏజెంటుకు ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు గొలుసు వెంట పైకి ఎక్కుతూ ఒక్కొక్కరు ఎంతకాలం ఆగగలరో చూడండి. రైతు ఆగగలిగేది రోజులు. ప్లాంటు తన శీతల గిడ్డంగిలో సరుకు పెట్టుకుని నెలలు ఆగగలదు, వడ్డీ భరిస్తే. అమెరికా దిగుమతిదారు ఇక్కడ కొనడం ఆపి ఈక్వడార్‌లో కొనగలడు. అక్కడి సూపర్‌మార్కెట్ గొలుసు రొయ్య బదులు కోడిమాంసం మీద తగ్గింపు ప్రకటించగలదు. తినేవాడైతే అసలు మానేయగలడు. ఈ వ్యాపారంలో ధర, ఆగలేనివాడి నుంచి ఆగగలిగినవాడి వైపు జరుగుతుంది. నష్టం దానికి ఎదురు దిశలో దిగుతుంది. సరఫరా గొలుసు గురించి నాకు తెలిసిన సిద్ధాంతం ఇదొక్కటే, మిగతావన్నీ దీని వివరాలు.

ఎగుమతిదారు కూడా చాలామంది అనుకున్నంత బలవంతుడు కాదు. అమెరికాకు రొయ్య అమ్మే మన సంస్థలు చాలావరకు, సుంకం కట్టి సరుకును కొనుగోలుదారు గిడ్డంగిలో దించే పద్ధతిలో అమ్ముతాయి. అంటే కాగితాల మీద అక్కడి దిగుమతిదారు కూడా మనవాడే, సుంకం కట్టేదీ మనవాడే. లెక్క తేలిక కోసం ఒక కంటెయినర్ సరుకు లక్షా నలభై వేల డాలర్లు అనుకుందాం. 50 శాతం సుంకమంటే డెబ్భై వేల డాలర్లు ముందుగా నగదు కట్టాలి. సరుకు డబ్బు రావడానికి ఇంకా నెలలు పట్టవచ్చు. ఓడ సముద్రం మధ్యలో ఉండగా సుంకం మారితే వెనక్కి రమ్మని పిలవలేడు. ఆ క్షణంలో అతనూ చెరువు రైతులాంటివాడే.

దీనికి తోడు యాంటీ డంపింగ్ సుంకం ఉంది, అంటే సరుకును అన్యాయంగా తక్కువ ధరకు దించుతున్నారన్న ఆరోపణతో వేసేది. మన రొయ్య మీద అది 2005 ఫిబ్రవరి నుంచీ ఉంది. మొదట చాలా కంపెనీలకు పది శాతం దరిదాపుల్లో ఉండేది. అది పనిచేసే తీరు విచిత్రమైనది. సరుకు దిగేటప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు రేటు ఎంతో తర్వాత జరిగే వార్షిక సమీక్షలో తేలుతుంది. అందుకు ఏడాదికి పైగా పడుతుంది. ఎక్కువ అని తేలితే మిగతాది వడ్డీతో సహా కట్టాలి, తక్కువ అని తేలితే తిరిగి వస్తుంది. ఎప్పుడో అమ్మి, లాభం పంచుకున్న సరుకు మీద ఇప్పుడు కొత్త బిల్లు వస్తుందన్నమాట. తన ఖర్చు తనకే తెలియని వ్యాపారి రైతుకు ఎంత ధర చెబుతాడు? భయపడినంత తక్కువ చెబుతాడు. ఇదే కేసులో మొదట ఇరుక్కున్న ఈక్వడార్, ప్రపంచ వాణిజ్య సంస్థలో పోరాడి 2007లోనే బయటపడింది.

2024లో ఇంకొకటి చేరింది. మన ప్రభుత్వం ఎగుమతిదారులకు పన్నుల వాపసు రూపంలో ఇస్తున్న ప్రోత్సాహకాలను సబ్సిడీలుగా లెక్కగట్టి అమెరికా ప్రతిక్రియ సుంకం వేసింది. ఎక్కువమందికి వర్తించే రేటు 5.77 శాతం. ఇక్కడ కుడిచేత్తో ఇచ్చిన సాయం అక్కడి ఖజానాకు జమ అయింది. దేశాల మధ్య వ్యాపారంలో రాయితీని ఏ రూపంలో ఇస్తున్నామన్నది ఎంత ఇస్తున్నామన్నదానికి తీసిపోని విషయమని ఇది చెబుతోంది. ఎగుమతి మీద ఇచ్చేది ఎదుటివాడికి ఆయుధం. వ్యాధుల పరిశోధన మీద, కాలువల మీద, అందరికీ పనికొచ్చే ప్రయోగశాలల మీద పెట్టే ఖర్చును అలా వేలెత్తి చూపడం కష్టం.

నమ్మకం ఎవరి ఖర్చు

నాణ్యత పరీక్షలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. 2012లో జపాన్ మన రొయ్యలో ఎథాక్సీక్విన్ అనే పదార్థం కనిపించిందని ప్రతి లాట్‌నూ పరీక్షించడం మొదలుపెట్టింది. అనుమతించిన పరిమితి పది లక్షల భాగాల్లో 0.01 భాగం. ఆ పదార్థాన్ని ఏ రైతూ చెరువులో వేయలేదు. మేతలో వాడే చేపల పొడి నూనె కంపు కొట్టకుండా ఎక్కడో కలిపిన నిల్వ మందు అది. మేతలోంచి రొయ్యలోకి, రొయ్యలోంచి టోక్యో ప్రయోగశాలలోకి చేరింది. 2014లో జపాన్ ఆ పరిమితిని 0.2కు సడలించింది. ఆ మధ్యకాలంలో వెనక్కి వచ్చిన సరుకు ఖర్చు మాత్రం మేత సంచి మీద ఏముందో చదివే అవకాశం కూడా లేనివాళ్ల మీద పడింది.

యాంటీబయాటిక్‌ల సంగతి అంత అమాయకమైనది కాదు, అందులో మన తప్పు ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత మందుల అవశేషాలు దొరికి అమెరికా, ఐరోపా రేవుల్లో మన కంటెయినర్లు తిరస్కరణకు గురయ్యాయి. ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్య నమూనాల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకటి రేవులో ఆగడం, ఆగిన రోజులకు అద్దె పడటం. ఈ మందు వాడేది ఎవరు? వ్యాధి కనిపించాక పంట తీసేసి చెరువు ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టే స్తోమత లేనివాడు. అప్పు మెడ మీద ఉన్నవాడికి దుకాణంలో ‘ఏదో ఒకటి వేయండి, నిలబడుతుంది’ అనే మాట దేవుడి మాటలా వినిపిస్తుంది. అతను కూడా ఆగలేనివాడే. అతని రొయ్య ప్లాంటులో ఇంకో ఇరవై చెరువుల రొయ్యతో కలిసిపోతుంది. అతని తప్పు అందరి తప్పు అవుతుంది.

అందుకే ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలో ఉందో చెప్పగలిగే నమోదు వ్యవస్థ ఇంత ముఖ్యం. దాన్ని తనిఖీ బెడద అనుకునే రైతులను నేను చూశాను. నిజానికి మంచి రైతును చెడ్డ లాట్ నుంచి విడదీసి కాపాడగలిగేది అదొక్కటే. పట్టుబడికి ముందు చేసే పరీక్ష, చెరువు నమోదు, హేచరీ బిల్లు, ఈ మూడూ ఒక వరుసలో ఉంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. 2025 సెప్టెంబరులో ఐరోపా మన దేశంలోని మరో 102 సంస్థలకు ఎగుమతి అనుమతి ఇచ్చిందంటే, ఏళ్ల తరబడి ఈ కాగితాల పనిని ఓపికగా చేసినవాళ్లు ఉన్నందువల్లే.

గొలుసులో మరీ అడుగున ఉన్నవాళ్లు ఇంకొకరున్నారు. ప్లాంట్లలో చలి నీళ్లలో చేతులు పెట్టి రొయ్య ఒలిచే ఆడవాళ్లు. తీర గ్రామాల నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వస్తారు. 2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రొయ్య పరిశ్రమలో పని పరిస్థితుల మీద తీవ్రమైన ఆరోపణలతో నివేదిక ఇచ్చింది. పరిశ్రమ వాటిని ఖండించింది. నేను రెండు వైపులా చెప్పదలచుకున్నది ఒకటే. ప్రవర్తనా నియమావళి పంపే కొనుగోలుదారే వచ్చేవారానికి సరుకు కావాలని, గత నెల కంటే తక్కువ ధరకు కావాలని కూడా పంపుతాడు. రెండో కాగితం మొదటి కాగితాన్ని రద్దు చేస్తుంది. అలాగని మన ప్లాంట్లలో వసతి గదులు బాగుచేయడానికి అమెరికా నివేదిక రావలసిన అవసరం లేదు. అది మన ఇంటి పని.

పక్కవాడి అంకె

2025 ఆగస్టు 7న మన మీద 25 శాతం, 27న రష్యా చమురు పేరుతో మరో 25 శాతం పడ్డాయి. పాత సుంకాలు కలిపితే రొయ్య మీద భారం 58 శాతం దాకా వెళ్లింది. ఇక్కడ చాలామంది దృష్టి 50 అనే అంకె మీద నిలిచింది. వ్యాపారంలో అసలు అంకె అది కాదు. ఏప్రిల్ అట్ట మీద వియత్నాంకు 46, ఇండోనేషియాకు 32, మనకు 26, ఈక్వడార్‌కు 10. అప్పుడు మనం మధ్యలో ఉన్నాం. ఆగస్టుకి వియత్నాం 20, ఇండోనేషియా 19, ఈక్వడార్ 15, మనం 50. అందరికీ యాభై వేసి ఉంటే అమెరికావాడు కాస్త తక్కువ రొయ్య తినేవాడు, అంతే. మనకొక్కరికే వేసినప్పుడు పట్టికలో మన గడిని కొట్టేస్తాడు.

అయినా పూర్తిగా కొట్టేయలేకపోయాడు. కారణం తెలుసుకోవడం మంచిది. ఈక్వడార్ ప్రపంచంలో అతి పెద్ద రొయ్య ఎగుమతిదారు, ఏటా పది లక్షల టన్నులకు పైగా పంపుతుంది. పెద్ద పెద్ద చెరువులు, పలచగా పెంపకం, తక్కువ ఖర్చు. హేచరీ, మేత, చెరువు, ప్లాంటు ఒకే యజమాని కింద ఉన్న సంస్థలు అక్కడ ఎక్కువ. కానీ వాళ్ల సరుకులో పెద్ద భాగం తలతో సహా చైనాకు వెళ్తుంది. అమెరికా ఇల్లాలికి కావలసింది తల తీసి, పొట్టు ఒలిచి, నరం తీసిన రొయ్య. దాన్ని అంత పరిమాణంలో అందించగలిగేది మన ప్లాంట్లు, అంటే ఆ చలి నీళ్లలోని చేతులు. సుంకం గోడకు ఎదురొడ్డి మన వాటాను కొంతైనా నిలబెట్టింది వాళ్లే. ఈక్వడార్ ఇప్పుడు ఒలిచే యంత్రాల మీద పెట్టుబడి పెంచుతోంది. మనకున్న గడువు అదే.

అమెరికా తలుపు ఇరుకైనాక సరుకు చైనా, వియత్నాం, ఐరోపాల వైపు పెరిగింది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో రొయ్యకు సుంకం లేకుండా చేసే ఏర్పాటు ఉంది. ఇవన్నీ మంచివే. కానీ ఖాతాదారుల సంఖ్య పెరిగినంత మాత్రాన గట్టు మీదివాడు ఆగగలిగేవాడు కాలేడు. ఏప్రిల్ తర్వాత ప్రభుత్వం చేసిన ధరల చర్చలు, యూనిట్ రూపాయిన్నర కరెంటు వంటివి మంట మీద నీళ్లు. చల్లాల్సిందే, కానీ మంట ఎక్కడి నుంచి వస్తున్నదో చూడాలి.

నాకు ఈ విషయంలో పాలు గుర్తొస్తాయి. పాలు రొయ్య కంటే అన్యాయం, గంటల్లో విరుగుతాయి. 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు సంఘం కట్టినప్పుడు వాళ్ల సమస్య ఇదే. చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తే వ్యాపారి ధర తగ్గించేవాడు. ఒలకబోయలేరు కాబట్టి ఇచ్చేవారు. 1955లో ఆనంద్‌లో గేదె పాలను పొడి చేసే కర్మాగారం వచ్చాక ఆ లెక్క మారింది. మిగిలిన పాలు పొడిగా మారి ఆగాయి. బేరం చేసే శక్తి నినాదం నుంచి రాలేదు, పాలను ఆపగలిగే యంత్రం సొంతమైనందువల్ల వచ్చింది.

రొయ్యకు ఆ యంత్రం శీతల గిడ్డంగి, గడ్డకట్టించే లైను. నలభై, యాభై మంది చిన్న రైతులు కలిసి తమ సరుకును కూలికి ఒలిపించుకుని, తమ పేరు మీద గడ్డకట్టించి నాలుగు నెలలు దాచుకోగలిగితే, దాని మీద బ్యాంకు అప్పు ఇస్తే, ఏప్రిల్ 3 ఉదయపు ఫోనుకు ‘చూద్దాం’ అని చెప్పవచ్చు. కష్టం లేదని కాదు. ప్లాంటు నడపాలంటే సంవత్సరమంతా సరుకు కావాలి, ఎగుమతి అనుమతులు కావాలి, మనవాళ్ల సంఘాలు ఎందుకు కూలిపోతాయో మనకు తెలుసు. కానీ రైతు సొంత మేత డబ్బు, సొంత గిడ్డంగి, చెరువుకు బీమా, ఈ మూడు వైపులా పెట్టిన రూపాయే ధరను కదిలిస్తుంది. కేంద్రం 2024లో ఆరు వేల కోట్లతో ప్రకటించిన మత్స్య పథకంలో ఆక్వా బీమాకు చోటు ఉంది. అది ఉండి ఊళ్లోని చెరువు గట్టుదాకా రావాలి.

గొలుసు పై చివర ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. భాగస్వామ్యం అంటే ఏమిటో చూపే నమూనా మన దగ్గరే ఉంది. థాయ్ యూనియన్ అవంతికి మేత పరిజ్ఞానం ఇచ్చి ఊరుకోలేదు, వాటా కొన్నది, రొయ్యల ప్లాంటు సంస్థలోనూ 40 శాతం పెట్టింది. అమెరికాలో సుంకం పెరిగితే ఆ నొప్పి బ్యాంకాక్‌లోనూ తెలుస్తుంది. అలాంటి ముడి మేత దగ్గర, ప్లాంటు దగ్గర పడింది, చెరువు దగ్గర మాత్రం పడలేదు. పిల్ల వేసే రోజునే కనీస ధర రాసుకోవడం, సుంకం మారితే ఆ భారం ఎవరికెంతో ముందే అంకెల్లో ఒప్పుకోవడం, నాణ్యత ధ్రువీకరణ ఖర్చులో కొనుగోలుదారు పాలు పంచుకోవడం, ఇవి దానధర్మాలు కావు. ఇవాళ ఎండబెట్టిన చెరువు రేపు ఆర్డరు ఇచ్చిన పూట రొయ్య ఇవ్వదు. సుంకాల అంకెలు ఇంకా చాలాసార్లు మారతాయి. ప్రతిసారీ ఒక వరుస చెరువులు ఖాళీ అవుతూ పోతే, పట్టికలో గడులు తగ్గిపోయేది కొనుగోలుదారుకే.

మాకు బాబాయి వరసైన ఒకాయనకు ఆకివీడు దగ్గర మూడు చెరువులున్నాయి. ఆగస్టు సుంకం తర్వాత ఒకటి ఎండబెట్టారు, ఒకదాంట్లో చేప వేశారు. మూడోదాంట్లో ఎప్పుడూ వేసేదాంట్లో సగమే సీడ్ వేశారు. పలచగా ఉంటే వ్యాధి తక్కువని, ఏరేటర్లూ తక్కువ సరిపోతాయని, ఈసారి ముప్పై కౌంట్ దాకా లాగుతానని చెప్పారు. ధర ఎలా ఉంటుందనుకుంటున్నారని అడిగితే వెంటనే జవాబు ఇవ్వలేదు. షెడ్డులో పేర్చిన మేత సంచుల వైపు చూపించి, “వాటికి డబ్బు కట్టేశాను రా” అన్నారు.